సరదా మనిషి, పెట్టే చేయి: అమ్మ జ్ఞాపకాలతో ఒక చిన్న పుస్తకం తయారు చేయడం ఎలా?

"అమ్మ పోయి రెండు నెలలైంది, ఆమె గురించి ఏదైనా రాసి పెట్టాలనుంది, కానీ కూర్చుంటే నాలుగు వాక్యాలు దాటడం లేదు" అని అడిగేవారు ఈ మధ్య చాలామంది అయ్యారు. ఆ నాలుగు వాక్యాలు కూడా దాదాపు అందరివీ ఒకేలా ఉంటున్నాయి. ఆమె ఎప్పుడూ నవ్వుతూ, నవ్విస్తూ ఉండేవారు, ఎవరు వచ్చినా లేదనేవారు కాదు, మనవలంటే ప్రాణం. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు, అయినా చదివినవారికి ఆ మనిషి కంటి ముందు నిలవరు. పుట్టిన తేదీకి, చదువుకు, పెళ్లికి, ఉద్యోగానికి పత్రాలు ఉంటాయి గానీ నవ్వుకూ పెట్టే గుణానికీ పత్రాలు ఉండవు. వాటిని చూసినవారి జ్ఞాపకంలో తప్ప అవి మరెక్కడా దొరకవు. అందువల్ల రాయడానికి ముందు అడిగి తెచ్చుకోవలసిన పని చాలా ఉంది. మా అమ్మ పోయినప్పుడు నేను ఈ పనిని తలకిందులుగా, అంటే రాతతో మొదలుపెట్టి మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆ తరువాత కుదిరిన వరుసను ఇక్కడ ఇస్తున్నాను.

ఇలా చేస్తే 24 నుంచి 32 పేజీల చిన్న పుస్తకం, ఆమె గొంతు వినిపించే కొన్ని రికార్డింగులు, నలుగురిలో చదవడానికి అయిదు నిమిషాల పాఠం మీ చేతికి వస్తాయి. వారాంతాల్లో మాత్రమే తీరిక దొరికేవారికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. అమ్మ ఇంకా మీ మధ్యే ఉన్నట్లయితే మీరు అదృష్టవంతులు. వరుస అదే, కాకపోతే మొదట అడగవలసింది ఆమెనే.

కావలసినవి

- కుట్టిన నోటు పుస్తకం ఒకటి. విడి కాగితాల మీద రాసుకుంటే సగం పోతాయి.
- మెత్తని పెన్సిలు, కొన్ని కాగితపు కవర్లు.
- రికార్డింగు చేయగల ఫోను, దానిలో కనీసం 5 గిగాబైట్ల ఖాళీ.
- స్కానర్, లేదా ఎండ నేరుగా పడని కిటికీ పక్కన ఒక బల్ల.
- ఫైళ్లు దాచడానికి రెండు వేర్వేరు సాధనాలు, ఉదాహరణకు ఒక హార్డ్ డిస్కు, ఒక క్లౌడ్ ఖాతా.
- పని మొత్తానికి బాధ్యత వహించే ఒక మనిషి, రాసినదాన్ని నిర్మొహమాటంగా చదివి చెప్పే మరొక మనిషి. ఈ ఇద్దరూ ఒకరే కాకూడదు.

1. ముందు ఆమె గొంతును భద్రం చేయండి

మిగిలిన పనులన్నీ వచ్చే నెలకు వాయిదా వేయవచ్చు గానీ దీనిని ఈ వారమే చేయండి. ఆమె ఫోనును ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయకండి, నంబరును వెంటనే రద్దు చేయకండి. ఇంట్లో ఎవరో ఒకరు మంచి మనసుతోనే మొదటి పదిహేను రోజుల్లో ఈ పనులన్నీ చక్కబెట్టేస్తారు, తరువాత అందరూ బాధపడతారు. వాట్సాప్ ఖాతాను వరుసగా 120 రోజులు వాడకపోతే సాధారణంగా అది తొలగిపోతుంది. గూగుల్ 2023లో ప్రకటించిన విధానం ప్రకారం రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతా, అందులోని ఫోటోలతో సహా, తొలగింపుకు గురి కావచ్చు. ఫోను తెరిచే ముందు మాత్రం ఇంట్లో దగ్గరి వారందరి సమ్మతి తీసుకోండి. ఆమె తనకే ఉంచుకున్న సంభాషణలు కూడా అందులో ఉంటాయి, వాటిని చదవనవసరం లేదు.

వాయిస్ మెసేజీలు ఆమె ఫోనులో కన్నా అందుకున్నవారి ఫోన్లలో సులువుగా దొరుకుతాయి. ఆమెతో మాట్లాడిన ప్రతివారినీ ఆ చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పంపమని అడగండి. స్పీకరులో వినిపిస్తూ మరో ఫోనులో రికార్డు చేసి పంపితే గొంతులోని మెత్తదనం పోతుంది, అలా చేయవద్దని ముందే చెప్పండి.

వీడియోల విషయంలో అందరూ ఆమె కనిపించేవే వెతుకుతారు. ఆమె కనిపించనివి కూడా చూడండి, ఎందుకంటే ఫోను పట్టుకుని తీసింది ఆమే అయి ఉండవచ్చు. మా అమ్మ తీసిన ఒక వీడియోలో మనవడు సైకిలు నేర్చుకుంటూ ఉంటాడు, బొమ్మ మాత్రం పైకీ కిందికీ ఊగిపోతూ ఉంటుంది. తీస్తున్న మనిషి నవ్వు ఆపుకోలేకపోవడమే అందుకు కారణం. ఆ 23 సెకన్లలో ఆమె ముఖం ఒక్కసారి కూడా కనిపించదు, అయినా మా ఇంట్లో అందరూ అడిగి మరీ చూసేది దానినే.

పాత ఆడియో కాసెట్లు ఉంటే, వాటి పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి. అప్పుడు పొరపాటున కూడా వాటి మీద కొత్త రికార్డింగు ఎక్కదు. టేపు మీద బూజు కనిపిస్తే ఇంట్లో మోగించి చూడవద్దు, డిజిటల్‌లోకి మార్చే అనుభవం ఉన్నవారికి ఇవ్వండి.

*సరిచూసుకోవడం:* కాపీ చేసిన ఫైళ్ల పేర్లు కనిపిస్తే పని అయిపోయిందనుకోకండి. కొత్త చోటు నుంచి ప్రతి ఫైలునూ తెరిచి చివరి దాకా వినండి.

2. పిలుపుల పట్టిక రాయండి

నోటు పుస్తకం మొదటి పేజీలో ఆమెను ఎవరు ఏమని పిలిచేవారో వరుసగా రాయండి. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, అత్తయ్య, అక్క, చెల్లి, వదిన, పిన్ని, పెద్దమ్మ, పేరు పెట్టి పిలిచే చిన్ననాటి స్నేహితురాలు, "మేడమ్" అనే సహోద్యోగి, "అమ్మగారూ" అనే పనిమనిషి, పుట్టింట్లో తప్ప ఎవరికీ తెలియని ముద్దుపేరు, ఇలా ఎన్ని ఉంటే అన్నీ. ఒక్కొక్క పిలుపు ఎదుట ఆ పిలుపుతో ఆమెను పిలిచిన కనీసం ఒక మనిషి పేరు రాయండి.

ఈ పట్టిక చిన్న పనిలా కనిపిస్తుంది గానీ పుస్తకం నిలబడేది దీని మీదే. మీకు అమ్మ మాత్రమే తెలుసు. వదినగా ఆమె ఎంత అల్లరి చేసేవారో, కొత్తగా ఇంటికి వచ్చిన కోడలికి మొదటి రోజు ఏమి చెప్పి భయం పోగొట్టారో మీకు తెలియదు. చాలామంది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ తమలో తాము మాట్లాడుకుని పుస్తకం ముగిస్తారు, అందులో ఆమె పిల్లలకు తల్లిగా తప్ప మరే విధంగానూ కనిపించరు.

పట్టికలో అందరికన్నా పెద్ద వయసు వారి పేరు కింద గీత గీయండి. మొదట కలవవలసింది వారినే.

3. అడగండి, రికార్డు చేయండి

ఒక్కొక్కరితో విడిగా, 40 నిమిషాలకు మించకుండా మాట్లాడండి. సామాన్యుల జ్ఞాపకాలను సేకరించడానికి 2003లో న్యూయార్కులో మొదలైన స్టోరీకోర్ అనే సంస్థ కూడా తన సంభాషణలకు 40 నిమిషాల వ్యవధినే పెట్టుకుంది. అంతకన్నా ఎక్కువైతే పెద్దవారు అలసిపోతారు, మీకు కూడా తిరిగి రాసుకునే పని భారమవుతుంది. గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి కనీసం నాలుగు గంటలు పడుతుందని గుర్తుంచుకోండి.

ఫ్యాను, టీవీ ఆపండి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారికి మూర దూరంలో, మెత్తని గుడ్డ మీద ఉంచండి. ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి. మొదటి వాక్యంలోనే తేదీ, మాట్లాడుతున్నవారి పేరు, వారు ఆమెను ఏమని పిలిచేవారో చెప్పించండి. పదేళ్ల తరువాత ఫైలు పేరు మారిపోయినా ఈ వాక్యం ఉంటుంది.

ప్రశ్నల దగ్గరే చాలామంది తప్పు చేస్తున్నారు. "ఆమె ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచి మనిషి" అనే జవాబు తప్ప మరొకటి రాదు. ఒళ్లు, చేయి, వస్తువు, మాట, వీటిని గురించి అడగండి.

నవ్వు కోసం:

- నవ్వు వచ్చే ముందు ఆమె ముఖం ఎలా మారేది? నోటికి చేయి అడ్డం పెట్టుకునేవారా, పక్కవారి భుజం మీద కొట్టేవారా?
- ఎవరిని అనుకరించేవారు? ఒక్కసారి ఆమెలాగే చేసి చూపించగలరా?
- నవ్వకూడని చోట నవ్విన సందర్భం ఏదైనా ఉందా?
- ఏ ఆటలో తొండి చేసేవారు?
- ఆమె పదేపదే చెప్పే హాస్యపు కథ ఏది? దానిని ఆమె మాటల్లోనే చెప్పండి.

ఈ చివరి ప్రశ్న వల్లనే మా పిన్ని ద్వారా నాకు ఒక సంగతి తెలిసింది. అమ్మ ఏ హాస్యపు కథనూ చివరి దాకా చెప్పలేకపోయేదట, ముగింపు తలుచుకుని తనే ముందుగా నవ్వేసేదట. నలభై ఏళ్లు ఆమెతో ఉన్నాను, ఆ కథల ముగింపులు మాలో ఎవరికీ తెలియవన్న సంగతి అప్పటి దాకా నాకు తట్టలేదు.

పెట్టే గుణం గురించి అడగడం ఇంతకన్నా కష్టం. నిజంగా ఇచ్చేవారు చెప్పుకోరు, పుచ్చుకున్నవారు చెప్పడానికి సంకోచిస్తారు. "ఆమె మీకు ఏమి సాయం చేశారు?" అని నేరుగా అడిగితే ఎదుటివారిని చిన్నబుచ్చినట్లవుతుంది. ఇలా అడగండి:

- ఆమె చేతి నుంచి వచ్చిన వస్తువు ఏదైనా ఇప్పటికీ మీ దగ్గర ఉందా?
- ఇచ్చేటప్పుడు ఏమని ఇచ్చేవారు?
- మీరు తిరిగి ఇవ్వబోతే ఏమన్నారు?

రెండవ ప్రశ్నను తప్పకుండా అడగండి, ఎందుకంటే ఇచ్చిన వస్తువు కన్నా ఇచ్చేటప్పుడు అన్న మాటలో మనిషి ఎక్కువగా కనిపిస్తారు. మా అమ్మ ఎవరికైనా ఏదైనా ఇవ్వదలిస్తే "మా ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేదు, కొన్నాళ్లు నీ దగ్గర ఉంచు" అనేది. ఆ కొన్నాళ్లు ఎన్నటికీ పూర్తయ్యేవి కావు. ఈ మాటను అయిదుగురు వేర్వేరు మనుషులు, ఒకరికొకరు తెలియనివారు, ఒకే రకంగా చెప్పారు.

పిల్లలను కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. ఆమె వాడిన వస్తువు ఒకటి చేతికిచ్చి, "అమ్మమ్మ దీంతో ఏం చేసేది?" అనో "నాయనమ్మ ఎలా నడిచేది?" అనో అడిగితే చేసి చూపిస్తారు. అప్పుడు వీడియో తీయండి.

*జాగ్రత్తలు:* మాట్లాడుతున్నవారు కంటతడి పెడితే మీరు మాటలతో ఆ నిశ్శబ్దాన్ని పూరించవద్దు, రికార్డింగును వారిని అడగకుండా ఆపవద్దు, వారిని అడగకుండా కొనసాగించనూ వద్దు. ఎవరైనా "ఇది రాయకు" అంటే ఆ నిమిషాన్ని నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకుని, చెప్పినట్లే చేయండి.

*మరో మార్గం:* దూరంగా ఉన్నవారిని రోజుకొక ప్రశ్నకు వాయిస్ మెసేజీగా జవాబు పంపమనవచ్చు. విడివిడిగా అందరితో మాట్లాడడం అయిపోయాక ఒక సాయంత్రం అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. నవ్వుల కథలు గుంపులోనే పుంజుకుంటాయి. ఆ పని ముందే చేస్తే గట్టిగా మాట్లాడే ఒకరిద్దరి జ్ఞాపకాలే అందరి జ్ఞాపకాలుగా స్థిరపడిపోతాయి.

4. కాగితాలతో కాలక్రమం కట్టండి

ఒక పేజీ చాలు. ఎడమ వైపు సంవత్సరం, కుడి వైపు సంఘటన, చివర "ఎవరు చెప్పారు లేదా ఏ కాగితంలో ఉంది" అన్న ఆధారం. పత్రంలో ఉన్న పుట్టిన తేదీ, ఇంట్లో చెప్పుకునే తేదీ వేరుగా ఉంటే రెండూ రాసి, దేని ఆధారం ఏమిటో పక్కన పెట్టండి. తెలియని సంవత్సరాన్ని ఊహించి వేయవద్దు. "పెద్దబ్బాయి బడిలో చేరకముందు" అని రాసినా సరిపోతుంది.

ఉత్తరాలు, పుస్తకాల లోపలి అట్టలు, పాత డైరీలు, ఇంటి లెక్కల పుస్తకాలు తప్పకుండా తిరగేయండి. మా అమ్మ లెక్కల పుస్తకంలో ప్రతి నెలా చివరి వరుసలో "ఇతరములు" అని ఒక మొత్తం ఉండేది. అన్నిటికీ వివరం రాసే మనిషి ఆ ఒక్క దానికి ఎందుకు రాయలేదని అనుకునేవాళ్లం. ఆ వరుస జూన్ నెలల్లో పెరిగి, ఒకానొక సంవత్సరం తరువాత పూర్తిగా ఆగిపోయింది. ఆ సంవత్సరమే ఎదురింటి అమ్మాయి చదువు పూర్తయిందని, ఆ అమ్మాయే మాకు చెప్పింది.

5. ఫోటోలు

ఈ పనిలో మునిగిపోతే పుస్తకం ఎప్పటికీ పూర్తి కాదు, కాబట్టి ముందు 40 ఫోటోలు మాత్రమే ఎంచుకోండి, అందులో నుంచి 12 పుస్తకానికి తీసుకోండి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర స్కాన్ చేయండి. 4 అంగుళాలు, 6 అంగుళాల ఫోటో అప్పుడు 2400, 3600 పిక్సెళ్లు వస్తుంది, రెండింతలు పెద్దది చేసి అచ్చు వేసినా చెదరదు. స్కానర్ లేకపోతే కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనును ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫోటోను పీకవద్దు, పేజీతో సహా స్కాన్ చేయండి. ఫోటో వెనుక బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తిడి ముందు వైపు తేలుతుంది, సిరా అంటుకుంటుంది. మెత్తని పెన్సిలుతో అంచు దగ్గర తేలికగా రాయండి.

ఫైలు పేరును సంవత్సరంతో మొదలుపెట్టండి, వాటంతట అవే వరుసలోకి వస్తాయి. బంధువుల నుంచి ఫోటోలు తెప్పించుకునేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే నాణ్యత తగ్గి వస్తుంది.

అట్ట మీద వేసే బొమ్మకు స్టూడియోలో కదలకుండా కూర్చున్న ఫోటోనే చాలామంది ఎంచుకుంటారు. సరదా మనిషి పుస్తకానికి అది తగదని నా అభిప్రాయం. ఫ్రెంచి వైద్యుడు దుషేన్ 1862లోనే గమనించి రాసినట్లు, మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు పెదవులతో పాటు కళ్ల చుట్టూ ఉండే కండరం కూడా బిగుసుకుంటుంది. నోటిని వేలితో మూసి కళ్లను మాత్రమే చూడండి. అప్పటికీ నవ్వు కనిపించే ఫోటోను తీసుకోండి, అది కొంచెం మసకగా ఉన్నా సరే.

6. ఏడెనిమిది సంఘటనలు ఎంచుకుని రాయండి

పుట్టుక నుంచి చివరి రోజు దాకా వరుసగా చెప్పాలన్న ఆలోచన మానుకోండి. కాలక్రమం పేజీ ఆ పని చేస్తుంది. మీకు వచ్చిన రికార్డింగుల నుంచి ఏడెనిమిది సంఘటనలు ఎంచుకోండి, ఒక్కొక్కటి ఒకటి రెండు పేజీలకు మించకూడదు. కనీసం మూడు మీరు అక్కడ లేని సంఘటనలు కావాలి.

ముందుగా నేను రాసిన వాక్యం చూడండి:

"అమ్మకు మనవలతో ఆడుకోవడమంటే చాలా ఇష్టం. పిల్లల్లో పిల్లలా కలిసిపోయేది."

తిరిగి రాసింది ఇది:

"పేకముక్కలు పంచేటప్పుడు అమ్మ ఎడమ మోకాలు కొంచెం పైకెత్తి కూర్చునేది. గెలిచే ముక్క చేతికొస్తే దానిని ఆ మోకాలి కిందికి జార్చి, ఓడిపోయి, నెత్తి మీద చేయి పెట్టుకునేది. చిన్నవాడికి ఏడేళ్లు వచ్చిన సంవత్సరం ఒక రోజు ఆమె లేవగానే నేల మీద మూడు రాజు ముక్కలు బయటపడ్డాయి. వాడు ఆ ముక్కల వంకా ఆమె వంకా మార్చి మార్చి చూసి, 'అమ్మమ్మా, ఇన్నాళ్లూ తొండి చేసి ఓడిపోయావా?' అన్నాడు. ఆ రోజు తరువాత ఆమెను ఓడించడం మాలో ఎవరి వల్లా కాలేదు."

రెండవ దానిలో "ఇష్టం", "సరదా", "మంచి" అన్న మాటలు లేవు. మీరు రాసినదానిలో ఇలాంటి గుణవాచకాల కింద ఎర్రగీత గీసి, ఒక్కొక్క దాని స్థానంలో ఆమె చేసిన పని ఒకటి పెట్టండి. పెట్టడానికి పని దొరకకపోతే ఆ వాక్యం కొట్టేయండి, లేదా మళ్లీ ఎవరినైనా అడగండి.

తెలుగులో రాసేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. అమ్మ "అనేది" అని రాయాలా, "అనేవారు" అని రాయాలా? పుస్తకం కదా అని గౌరవం కోసం అంతటా "వారు" పెడితే, ఇంట్లో "నువ్వు" అని పిలిచిన కొడుకు గొంతు ఎవరో పరాయివాడిదిలా వినిపిస్తుంది. జీవితమంతా "మీరు" అన్న కోడలి చేత "అనేది" అనిపించినా అంతే తప్పు. ఎవరి భాగంలో వారు ఆమెను ఎలా పిలిచారో అలాగే ఉంచండి, కానీ ఒకే భాగంలో రెండు రూపాలూ కలపవద్దు. భాగం మొదట్లో చెబుతున్నవారి పేరు, వారి పిలుపు వేస్తే, ఒకే మనిషి ఒక పేజీలో "అమ్మమ్మ", మరో పేజీలో "వదిన" అయినా చదివేవారు తడబడరు.

ఆమె మాటలను గ్రంథస్థ భాషలోకి దిద్దకండి. ఆమె యాస, ఊతపదం, తప్పుగా పలికే ఇంగ్లీషు మాట, మనవలకు పెట్టిన వింత పేర్లు, అన్నీ చెవికి వినిపించినట్లే రాయండి. సందేహం వస్తే రికార్డింగు మళ్లీ వినండి.

ఆమె కోపాన్ని కూడా వదిలేయకండి. నవ్వించే మనిషికి కోపం వస్తే ఇల్లు ఎలా ఉండేదో, ఆ కోపం ఎలా దిగేదో ఒక్క సంఘటనలోనైనా రాకపోతే మిగతా నవ్వు నమ్మశక్యంగా ఉండదు. అయితే ఆస్తి తగాదాలకు, ఎవరో ఒకరిని నిందించడానికి ఈ పుస్తకం చోటు కాదు.

*హెచ్చరిక:* ఆమె నుంచి సాయం పొందినవారి పేరును వారి అనుమతి లేకుండా అచ్చు వేయవద్దు. ఆమె గుట్టుగా చేసినదాన్ని మీరు బయటపెడితే, ఆమె జీవితమంతా కాపాడిన మర్యాదను మీరు చెరిపినట్లవుతుంది. "ఎదురింటి అమ్మాయి" అని నేను రాసింది ఆ అమ్మాయి ఆ పేజీ చదివి సరే అన్న తరువాతే.

7. నలుగురిలో చదవడానికి అయిదు నిమిషాలు

పుస్తకంలోని రెండు సంఘటనలు తీసుకోండి, మొదటిది నవ్వించేది కావాలి. గడియారం పెట్టుకుని గట్టిగా చదవండి; మనసులో చదివినదానికన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒక వైపే అచ్చు తీసుకోండి. ఏ వాక్యం దగ్గర గొంతు పూడుకుపోతుందో ఇంట్లో చదివినప్పుడే తెలుస్తుంది. అక్కడ గీత గీసి, ఆగి ఊపిరి తీసుకోవడానికి చోటు ఉంచుకోండి. అప్పటికీ చదవలేకపోతే అందుకునేందుకు మరొకరి చేతిలో రెండో ప్రతి ఉండాలి.

8. అచ్చుకు ఇచ్చే ముందు పరీక్షించండి

*పేరు మూసి చదివించడం.* ఆమె పేరు కనిపించకుండా రెండు పేజీలు ఆమెను ఎరిగినవారికి ఇవ్వండి. ఎవరి గురించో వెంటనే చెప్పగలిగితే సరే. "ఎవరి అమ్మ గురించైనా కావచ్చు" అంటే ఆ పేజీలు మళ్లీ రాయాలి.

*నవ్వు.* నిర్మొహమాటంగా చెప్పే ఆ రెండవ మనిషి చదువుతుండగా పక్కన కూర్చోండి. మొదటి నాలుగు పేజీల్లో ఒక్కసారైనా నవ్వకపోతే సంఘటనల వరుస మార్చండి.

*"కాదు, అలా జరగలేదు."* చదివినవారిలో ఎవరో ఒకరు ఇలా అంటారు. వాదించకండి, వారు చెప్పినది కూడా రికార్డు చేసి, రెండు కథనాలనూ పక్కపక్కన వేయండి. తేదీలు, పేర్లు, చుట్టరికాల విషయంలో మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషుల చేత సరిచూపించాలి. వీటిలో జరిగే తప్పులే ఎక్కువగా నొప్పిస్తాయి, ముఖ్యంగా ఒక మనవడి పేరు మరిచిపోవడం.

*పిలుపుల పట్టిక.* రెండవ దశలో రాసిన పేజీ తెరిచి, ఒక్కొక్క పిలుపూ పుస్తకంలో వచ్చిందో లేదో టిక్కు పెట్టండి. రానిది ఉంటే ఒక చిన్న పేరా అయినా చేర్చండి.

9. అచ్చు, భద్రత

నడుమ పిన్నులు కొట్టే చిన్న పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి, అందుకే 24, 28, 32 అని లెక్క వేసుకోండి. పాఠాన్ని యూనికోడ్ అక్షరాల్లోనే టైపు చేయించండి. పాత డీటీపీ ఫాంట్లలో చేయిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో రేపు మీ పిల్లలు తెరిచినప్పుడు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. తెరమీద బాగున్న ఒత్తులు అచ్చులో విడిపోవడం తరచుగా జరుగుతుంది, కాబట్టి ఒక్క ప్రతిని కాగితం మీద తీయించి, ప్రతి పేజీలో "క్ష్మ", "స్త్ర" వంటి సంయుక్తాక్షరాలను కంటితో చూడండి. ఆమె పేరులో ఒత్తు ఉంటే ముందుగా దానినే చూడండి.

అసలు రికార్డింగులు, స్కాన్లు, టైపు చేసిన ఫైలు, అచ్చు పీడీఎఫ్ అన్నీ మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల్లో, వాటిలో ఒకటి మరో ఇంట్లో లేదా క్లౌడ్‌లో ఉండేలా దాచండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఏడాదికొకసారి, ఆమె పుట్టినరోజు అయితే మరిచిపోరు, మూడు చోట్లా ఫైళ్లు తెరిచి వినండి.

పుస్తకం చివర నాలుగు పేజీలు ఖాళీగా వదలండి. చదివిన తరువాతనే చాలామందికి అసలైన సంగతులు గుర్తుకు వస్తాయి. మా పుస్తకం అందిన పదో రోజున ఒక పెద్దావిడ తన ప్రతిని పట్టుకుని వచ్చారు, ఆ ఖాళీ పేజీలు రెండు వైపులా పెన్సిలుతో నిండి ఉన్నాయి, వాటిలో అమ్మ చెప్పే ఒక హాస్యపు కథ ముగింపుతో సహా ఉంది. అలా నిండిన పేజీలను ఆరు నెలల తరువాత అందరి దగ్గర నుంచీ ఫోటో తీయించుకుని, అసలు ఫైళ్లు ఉన్న ఫోల్డరులోనే చేర్చండి.